కట్ట రోడ్డు మీద సైడు

మా కట్ట రోడ్డు మీద నాకు అందరూ సైడు ఇచ్చేవాళ్ళు. నిండా మనుషులతో వస్తున్న ఆటో డాంబరు దిగిపోయేది, వడ్ల బస్తాలు వేసుకున్న ట్రాక్టరు ఆగిపోయేది, ఒక్కోసారి ఎడ్లబండి కూడా పక్కకు ఒదిగిపోయేది. నా బ్యాటరీ ఆటో మాత్రం ఖాళీగా, డాంబరు నడిమధ్యన, ఊరేగింపులో పెళ్ళికూతురిలా పోయేది. చూసినవాళ్ళు "నీకేందమ్మా, రోడ్డంతా నీదే" అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంతమంది మర్యాద చేస్తుంటే కోపమేంటి, పొగరు కాకపోతే అనుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. అనుకోనీ. ఆ రోడ్డు సంగతి తెలియకుండా నా కోపం అర్థం కాదు, అందుకే ముందు రోడ్డు గురించి చెప్తాను.

సిరోంచ నుంచి మా ఊరికి పోయే రోడ్డు పొలాల మధ్య ఎత్తయిన కట్ట మీద ఉంటుంది. వానాకాలంలో ప్రాణహిత నది పొంగి మడుల్లోకి వస్తుంది కాబట్టి అట్లా ఎత్తు చేసి వేశారు. ఎత్తయితే చేశారు గానీ వెడల్పు చేయడం మరిచిపోయారు. డాంబరు ఒక్క బండికే సరిపోతుంది. దానికి రెండు పక్కలా సన్నటి మట్టి అంచు, అంచు దాటితే వాలు, వాలు కింద వరి మడి. ఎండాకాలం ఆ అంచు రాయిలా ఉంటుంది. వాన పడిందంటే నల్లమట్టి మెత్తబడి టైరును పట్టుకుని వదలదు. అక్కడక్కడ ఎవరో పుణ్యాత్ములు మొరం పోసి గట్టి చేసిన జాగాలున్నాయి. ఎదురుబండి వస్తే తప్పుకోవడానికి అవే దిక్కు.

ఆ రోడ్డుకు ఒక పద్ధతి ఉంది. ఏ బోర్డు మీదా రాసి లేదు, మా తాలూకా మరాఠీ రాష్ట్రంలో ఉంది కాబట్టి ఉన్న బోర్డులు మరాఠీలో ఊరి పేర్లు చెప్తాయి, అంతే. ఖాళీ బండి దిగాలి, లోడు బండి డాంబరు మీదే ఉండాలి. రెండూ లోడుతో ఉంటే, మొరం జాగాకు ఎవరు దగ్గరుంటే వాళ్ళు వెనక్కి పోవాలి. వాన రోజుల్లో దిగాల్సి వస్తే ముందు బండిలోని మనుషులను దింపాలి. ఎడ్లబండి వెనక హారన్ కొట్టకూడదు, ఎడ్లు బెదురుతాయి. బ్యాటరీ ఆటోకు ఇంకొకటి కూడా ఉంది. దానికి చప్పుడు ఉండదు కాబట్టి నడిచిపోయేవాళ్ళ వెనక నుంచి దొంగలా రాకూడదు. దూరం నుంచే "బండొస్తుంది, జర జరుగుండ్రి" అని నోటితో చెప్పాలి. నాకు అది ఎంత అలవాటైందంటే, ఒకరోజు అన్నం గిన్నె పట్టుకుని వంటింట్లో నుంచి వస్తూ మా అత్తతో కూడా అదే మాట అన్నాను. నవ్వి నవ్వి ఆమెకు పొలమారింది.

ఆటో నా చేతికి ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. మా ఆయన అల్లపల్లి వైపు కలప లారీ మీద పోతాడు, వారానికోసారి ఇల్లు చూస్తాడు. మా ఊరి ఆడవాళ్ళకు పొదుపు సంఘం ఉంది, మేం బచత్ గట్ అంటాం. ఆ సంఘం తరఫున బ్యాటరీ ఆటో వచ్చినప్పుడు నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు, నేను వచ్చాను. కోతలైన పొలంలో తిప్పి తిప్పి నేర్చుకున్నాను. కట్ట రోడ్డెక్కిన మొదటి రోజు ఎదురుగా లోడుతో వస్తున్న ఆటో గబగబా దిగి నాకు దారి ఇస్తే, అబద్ధమెందుకు, నాకు సంతోషమే అయింది. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. రెండో రోజూ అంతే, వానాకాలం వచ్చినా అంతే. నేను ఖాళీగా వచ్చినా, వాళ్ళు గొంతు దాకా జనాన్ని నింపుకుని వచ్చినా, దిగేది వాళ్ళే.

ఒకసారి ఇక ఇది నేనే తేల్చాలనుకున్నాను. మా ఊరి అతనే ఒకడు డీజిల్ ఆటో నడుపుతాడు. వరసకు నాకు మరిది. ఆటో అద్దానికి రంగు రంగుల పూసలు వేలాడదీసి, రోడ్డు ఎట్లా కనబడుతుందో ఏమో, జోరుగా తోలుతాడు. ఆ రోజు అతను లోడు, నేను ఖాళీ. దూరం నుంచే చూసి, అతను తిప్పకముందే నేను హ్యాండిల్ తిప్పి నా ఎడమ పక్క అంచు మీదికి దింపేశాను. అది చూసి అతను తన ఎడమ పక్కకు దింపేశాడు. ఇద్దరం చెరో పక్క మట్టిలో ఉన్నాం. మధ్యలో డాంబరు రోడ్డు ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా ఉంది.

"నువ్వు పో వదినె" అన్నాడు.

"నువ్వు లోడున్నవ్. నువ్వు పో."

"నిన్ను బురదల నిలవెట్టి నేను పోతనా? మంచిగుంటదా?"

"నేను దిగిన గదా. ఇగ పో."

అతను కదలడు, నేను కదలను. అతని బండిలోని ఒక ముసలాయన బీడీ ముట్టించుకున్నాడు. ఇంతలో ఒక మేకల మంద వచ్చి, మా ఇద్దరి మధ్య నుంచి ఆ ఖాళీ డాంబరు మీద నింపాదిగా నడిచిపోయింది. సిరోంచ ఆటో స్టాండులో ఆ కథ చెప్పుకుని వారం రోజులు నవ్వారు. నవ్వింది అతన్ని చూసి కాదు, నన్ను చూసి. ఆడమనిషి సైడియ్యబోయిందట అని.

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ రోడ్డు మీద దిగడం, ఎక్కడం, వెనక్కి పోవడం, అదంతా డ్రైవరు పని. నన్ను ఆ పని చేయనివ్వడం లేదంటే వాళ్ళ లెక్కలో నేను డ్రైవరును కాదు, హ్యాండిల్ పట్టుకున్న ప్యాసింజర్ని. మర్యాదగా, నవ్వుతూ, చేతులు ఊపుతూ నన్ను పక్కన పెట్టేశారు. తిడితే తిరిగి తిట్టొచ్చు. దారి ఇచ్చేవాణ్ణి ఏం చేస్తాం?

ఈ మర్యాదలో అందరికంటే పెద్ద మొండి మనిషి కాక. స్టాండులో అందరికంటే పెద్దవాడు, అందరూ కాక అంటారు, నేనూ కాకా అనే పిలుస్తాను. గిరాకీకి ఎవరి నంబరు ముందు, ఎవరిది వెనక అని తగాదా వస్తే తీర్చేది ఆయనే, ఆయన మాట దాటేవాడు లేడు. నాకు బ్యాటరీలో నీళ్ళు ఎప్పుడు పోయాలో చెప్పింది ఆయనే. ఎండలో నిలబడితే "నీడకు రా బిడ్డా" అని పిలిచేదీ ఆయనే. అంత మంచి మనిషి, రోడ్డు మీద మాత్రం నా మాట ఒక్కటీ వినేవాడు కాదు.

నాట్ల రోజుల్లో ఒక అంగడి రోజు అది జరిగింది. తెల్లవారుజాము నుంచి పట్టిన ముసురు మధ్యాహ్నానికి కాస్త తెరిపిచ్చింది. నేను ఊళ్ళో మనుషులను దించి, అంగడి నుంచి తిరిగొచ్చేవాళ్ళ కోసం ఖాళీగా సిరోంచ వైపు పోతున్నాను. ఎదురుగా కాక ఆటో వస్తోంది. అంగడి ముగించుకున్న ఆడవాళ్ళు, వెనక కూరగాయల సంచులు, పైన గంపలు. నేను ఆగాను. హ్యాండిల్ తిప్పి ముందు టైరు మట్టిలోకి దించాను కూడా.

కాక దూరం నుంచే చెయ్యి ఊపాడు. "నువ్వు రా బిడ్డా, నువ్వు రా."

"కాకా, నేను ఖాళీ. నువ్వే రా" అని గట్టిగా అరిచాను.

డీజిల్ బండి చప్పుడులో వినబడలేదో, వినబడినా ఎప్పటిలాగే లెక్కచేయలేదో, ఆయన దింపేశాడు. అంచు నాని నాని ఉంది. ఎడమ టైరు కింద మట్టి కూర్చుండిపోయింది. ఆటో ఒక్కసారిగా పడలేదు. మెల్లగా, నిద్రలో తూగే మనిషిలా ఒరిగింది. లోపల ఆడవాళ్ళు అరవడం మొదలుపెట్టారు. నేను దిగి పరుగెత్తేలోపు ఆటో పక్క మీద పడి, వాలు మీద జారి, మడిలో ఆగింది.

ఉల్లిగడ్డలు, ఎండు చేపలు, ఒకామె కొన్న కొత్త చీపుర్లు, అన్నీ నీళ్ళలో తేలుతున్నాయి. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి లాగాను. బురద, గీరుకుపోయిన చర్మం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. చివరికి చూస్తే కాక లేవడం లేదు. హ్యాండిల్ కింద ఇరుక్కుని ఉన్నాడు, కుడి భుజం ఉండాల్సిన చోట లేదు. మేమందరం కలిసి ఆయన్ను ఎత్తి నా ఆటోలో పడుకోబెట్టాం. సర్కారు దవాఖాన దాకా నేను ఎట్లా నడిపానో నాకే తెలియదు. గతుకు వచ్చిన ప్రతిసారీ వెనక నుంచి ఒక మూలుగు. "జర సల్లగ బిడ్డా, జర సల్లగ" అంటూనే ఉన్నాడు. ఎదురొచ్చిన ప్రతి బండీ దిగింది. ఆ ఒక్క రోజు వాళ్ళు దిగడం న్యాయం.

దవాఖానలో చూసి, భుజం ఎముక విరిగిందని మంచిర్యాల తీసుకుపొమ్మన్నారు. కాక కొడుకు వచ్చి తీసుకుపోయాడు. నేను బురద బట్టలతోనే ఇంటికి వచ్చేసరికి కథ నాకంటే ముందే వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది. మా అత్త పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది.

"నీకు సైడియ్యబోయి పడ్డడట గదా."

"నేను ఇయ్యమన్ననా అత్తా? నేను ఖాళీ. ముందు టైరు దించిన. చెయ్యి ఊపి నన్ను రమ్మన్నడు."

"అవునే, నాకెరికే. ఊరికెట్ల ఎరికైతది?"

ఆ మాట నిజం. ఊరికి ఎట్లా తెలుస్తుంది? ఆటోలో ఉన్న ఆడవాళ్ళకు ముందేం జరిగిందో కనబడలేదు, కాక వీపే కనబడింది. చూసింది నేనూ కాకా, ఇద్దరమే. కాక మంచిర్యాలలో మంచం మీద ఉన్నాడు.

మరుసటి రోజు పొద్దున స్టాండుకు పోతే నా కోసమే అన్నట్టు అందరూ ఒకచోట నిలబడి ఉన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఒకడు టీ తెప్పించి నా చేతిలో పెట్టాడు. అప్పుడే ఇదేదో నా మంచికి కాదనిపించింది. మాట్లాడింది మరిదే.

"వదినె, నీ మంచికే చెప్తున్నం. నువ్వు సిరోంచల నడుపుకో. బస్టాండు, తహసీల్ ఆఫీసు, దవాఖాన, మస్తు గిరాకీ ఉంటది. కట్ట రోడ్డు మాకు ఇడిచిపెట్టు."

"ఎందుకు ఇడిచిపెట్టాలె?"

"నువ్వొస్తె మేము దిగాలె. వానల దిగితె పడుతం. కాక పడ్డడు, రేపు నేను పడుత."

"మిమ్ముల దిగమన్నదెవరు? ఖాళీ బండి దిగుతది. నా బండి ఖాళీగుంటె నేను దిగుత."

"గట్లెట్ల? ఆడమనిషిని బురదల దింపి మేము రోడ్డు మీద పోతే మంది ఏమంటరు? మా ఇండ్లల్ల మమ్ముల బతకనిస్తరా?"

మిగతావాళ్ళు తల ఊపారు. వాళ్ళ ముఖాల్లో ద్వేషం లేదు, అదే నాకు దిక్కు తోచకుండా చేసింది. నిజంగానే నా మంచి కోరుతున్నామనుకుంటున్నారు. చివరికి ఒకాయన అన్నాడు: "కాక రానీ. కాక ఎట్ల చెప్తె గట్ల. అప్పటిదాంక ఆ రోడ్డుకు రాకు బిడ్డా."

కట్ట రోడ్డు పోతే నాకు ఏం పోతుందో వాళ్ళకు తెలియదు. మా ఇల్లు ఆ రోడ్డు చివర ఉంది. రోడ్డెక్కకూడదంటే ఆటోను ఊళ్ళోకి తెచ్చుకోకూడదు, సిరోంచలో ఎవరి వాకిట్లోనో వదిలి నడిచి రావాలి. మా ఊరి ఆడవాళ్ళు దవాఖానకు పోవాలన్నా, అంగడికి పోవాలన్నా నా కోసం చూస్తారు. మగవాళ్ళ ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చోలేక నడిచిపోతున్న కడుపుతో ఉన్న ఆడపిల్లలను నేను ఎక్కించుకుని పోయాను. వాళ్ళను వదిలేసి బస్టాండు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి బస్టాండుకు తిరుగుతూ ఉంటే అది సంఘం ఆటో ఎట్లా అవుతుంది? ఇంకొకరికి ఇవ్వండి అంటారు. అనకపోయినా నేనే ఇచ్చేస్తాను. ఆ రోడ్డు లేకపోతే ఆ ఆటో నాకు లేదు.

అయినా మాట విన్నాను. పెద్ద మనిషి ఎముక విరిగి పడుకుని ఉంటే నా పంతం ముందు పెట్టడం బాగుండదని విన్నాను. కొన్ని రోజులు సిరోంచలోనే తిప్పాను. మరాఠీ మాట్లాడే గుమస్తాలను, దవాఖాన మెట్లెక్కలేని ముసలివాళ్ళను తిప్పుతూ, సాయంత్రం ఆటోను తెలిసినవాళ్ళ ఇంటి ముందు పెట్టి, మరిది ఆటోలోనే ప్యాసింజర్లా కూర్చుని ఊరికి వచ్చేదాన్ని. అతను నాకు మంచి జాగా చూపించి కూర్చోబెట్టేవాడు. రోజురోజుకూ నా పళ్ళు కొరుకుడు ఎక్కువైంది. రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నానని మా అత్త లేపేది.

అంగడి రోజు మళ్ళీ వచ్చింది. దానికి ముందు రోజు సాయంత్రం మా పక్కింటామె వచ్చి అడిగింది: "అక్కా, రేపు నువ్వు తీస్కపోవా? వాళ్ళ బండ్లల్ల గంపలు పెట్టుకోనియ్యరు." ఆమె వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. అప్పటికప్పుడు సిరోంచకు నడిచిపోయి ఆటో తెచ్చుకున్నాను. మాట తప్పానంటే తప్పాను. కాక రాకముందే రోడ్డెక్కాను.

పొద్దున సన్నగా చినుకులు. ఆటో నిండా ఆడవాళ్ళు, గంపలు, ఆకుకూరల మూటలు. సగం రోడ్డు దాటాం. ఒక మొరం జాగా దాటి కాస్త ముందుకు పోయామో లేదో, ఎదురుగా రంగు పూసలు ఊగుతూ మరిది ఆటో. దగ్గరికి వచ్చాక చూశాను, ముందు సీట్లో అతని పక్కన కాక. కుడి చెయ్యి రొమ్ముకు కట్టేసి ఉంది. మంచిర్యాల నుంచి ఇంటికి వస్తున్నాడు. వెనక వాళ్ళ ఇంటివాళ్ళు, ఇంకా ఎవరెవరో, బండి కిక్కిరిసి ఉంది.

ఇద్దరం ఆగాం. ఇద్దరమూ లోడు. మొరం జాగా నా వెనకే ఉంది. పద్ధతి ప్రకారం వెనక్కి పోవాల్సింది నేను.

మరిది తల బయటికి పెట్టాడు. "నిన్ను రావద్దన్నం గదా వదినె." తర్వాత కాక వైపు తిరిగి, నాకు వినబడేట్టుగానే అన్నాడు: "సూసినవా కాకా? ఇగ నేను దిగాలె."

అనడమే కాదు, హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. ముందు టైరు డాంబరు దాటింది. ఆ బండిలో విరిగిన ఎముక కట్టుకున్న మనిషి ఉన్నాడు, అంచు నాని ఉంది. నాకు ఆ మడి, ఆ ఉల్లిగడ్డలు, ఆ మూలుగు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. బండి ఆపేసి ఉరికాను. పోయి అతని ఎడమ పక్కన, అంచు మీద, టైరు ముందు నిలబడ్డాను. చెప్పులతో సహా కాళ్ళు చీలమండ దాకా మట్టిలో దిగాయి.

"దిగితె నా మీదికెల్లి దిగాలె" అన్నాను.

"పక్కకు జరుగు వదినె. నాతోని తమాషా జేయకు."

"జరగ. నీ బండి డాంబరు మీదికి ఎక్కించు. ఎన్కకు పొయ్యేది నేను."

"నువ్వు రివర్స్ ల ఏడికి పోతవ్? పడితె నా మీద పడుతది మాట."

"నీ మీద ఎందుకు పడుతది? నేను పడితె నేను పడ్డట్టు."

నా ఆటోలో నుంచి ఎవరో, అంగడి టైం అయిపోతుంది, ఎవరో ఒకరు కదలండి అన్నారు. మరిది ఇంజన్ ఆపలేదు, టైరు వెనక్కి తీయలేదు. నేను కాక వైపు చూశాను. ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. ఇక దాచుకోలేకపోయాను.

"కాకా, ఆ రోజు నేను ఖాళీ. నా ముందు టైరు కిందికి దించిన. నువ్వు సూసినవా, సూడలేదా? అందరి ముంగట చెప్పు."

ఆయన చూడలేదంటే నా పని అయిపోయినట్టే. అక్కడే ఆటో తాళం మరిది చేతికి ఇచ్చి నడుచుకుంటూ పోవాలి, నేను అంతకు సిద్ధపడే అడిగాను.

"సూసిన" అన్నాడు.

"మల్ల ఎందుకు దిగినవ్?"

"నువ్వు పడ్తవని."

"పడ్డది నువ్వు గదా కాకా."

నా ఆటోలో నుంచి మా పక్కింటామె ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాక నవ్వలేదు. కట్టేసి ఉన్న చేతి వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఎడమ చేత్తో మరిది హ్యాండిల్ పట్టుకుని కుడి వైపుకు నెట్టాడు.

"డాంబరెక్కు. బండి బందువెట్టు. ఆమె ఎన్కకు పోతది."

"కాకా, పడితె?"

"పడితె లేవడుతం. ఎక్కు."

ఆటో డాంబరెక్కింది. ఇంజన్ ఆగింది. ఇప్పుడు అందరూ నన్నే చూస్తున్నారు. కోరుకున్నది చేతికి వచ్చింది. అప్పటిదాకా ఆ రోడ్డు మీద నేను ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. పోనిస్తే కదా. పొలంలో నేర్చుకున్న రివర్సే, అంతే. ఇక్కడ పడ్డానంటే ఇక ఎవరూ ఒక్క మాట కూడా అనక్కర్లేదు, వాళ్ళు చెప్పిందంతా నిజమైపోతుంది.

మా ఆడవాళ్ళను దిగమన్నాను. గంపలు కూడా దింపించాను. రివర్స్ మీట నొక్కి, అద్దంలో చూస్తే నీటి చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. తల బయటికి పెట్టి వెనక్కి చూస్తూ కొంచెం కొంచెంగా వదిలాను. బ్యాటరీ బండి వెనక్కి పోతుంటే తేలికగా, ఊగుతూ పోతుంది. మనం హ్యాండిల్ ఇటు తిప్పితే వెనక అటు పోతుంది. ఒకచోట కుడి టైరు డాంబరు అంచు దాకా వచ్చింది. ఆపాను, ముందుకు తీశాను, మళ్ళీ వెనక్కి పోనిచ్చాను. పక్కింటామె వెనక నడుస్తూ "ఇటక్కా, ఇటు, కాదు అటు" అని చేతులు ఊపుతోంది. నోరు మూసుకోవే అన్నాను. ఎవరూ హారన్ కొట్టలేదు. ఆ మాత్రం దూరం పోవడానికి నాకు ఒక మడి అంతా నాట్లు వేసినంత సేపు పట్టినట్టు అనిపించింది.

మొరం జాగా వచ్చింది. లోపలికి తిప్పాను. తొందరపడ్డానో, లేక ఒక్క క్షణం ఊపిరి వదిలానో, వెనక టైరు మొరం దాటి మెత్తటి మట్టిలోకి జారింది. ఆటో వెనక్కి వాలింది. బ్రేక్ మీద నిలబడిపోయాను. వాలింది, ఇంకా వాలుతుందేమో అనుకున్నాను, కానీ అక్కడే ఆగింది. ముందు రెండో బండి పోయేంత డాంబరు ఖాళీ ఉంది. సైడు ఇచ్చేశాను.

మరిది ఇంజన్ వేసుకుని మెల్లగా వచ్చాడు. నా పక్కన ఆగాడు. కాక ఏమైనా అంటాడేమోనని చూశాను, ఆయన ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడు. మరిది మాత్రం తల వంచి నా వెనక టైరును చూశాడు, ముఖం చిట్లించాడు.

"ఏం నడుపుడు వదినె ఇది? ఎన్క టైరు ఏడ పడ్డదో సూస్కోవా? ఇంకింత జరిగితె మడిల ఉందువు. రివర్స్ ల గంతగనం ఎవరన్న ఇడుస్తరా? కండ్లు ఏడవెట్టినవ్? రేపు పొద్దుగాల స్టాండుకు రా, నా ఎన్క నంబరు నీది. మల్ల గిట్ల నడిపితె నేను ఊకోను, చెప్తున్న."

"ముందుగాల నువ్వు నడువు" అన్నాను. "జాగ ఇడిస్తె నా బండి నేను ఎల్లదీస్కుంట."

అతను ఇంకా ఏదో గొణుగుతూ గేరు వేసి పోయాడు. మా ఆడవాళ్ళు గంపలు ఎత్తుకుని నా దగ్గరికి వచ్చారు. పక్కింటామెకు కోపం పట్టలేకుండా ఉంది.

"ఎంత మాటన్నడక్కా, గంత మంది ముంగట. నువ్వెట్ల ఊకున్నవ్?" అంటూ నా ముఖం చూసి ఆగిపోయింది. "అగో, ఏడుస్తున్నవా? వాడన్నడని ఏడుస్తున్నవా?"

కాదన్నాను. ఆ రోడ్డు మీద మగవాళ్ళు పొద్దున లేస్తే ఒకరినొకరు ఇట్లాగే తిట్టుకుంటారు, టైరు గురించి, గేరు గురించి, కళ్ళు ఎక్కడ పెట్టావని. నేను ఆటో ఎక్కిన నాటి నుంచి నన్ను ఒక్కడు కూడా ఒక్క మాట అనలేదు. ఇదంతా ఆమెకు చెప్పే ఓపిక అప్పుడు నాకు లేదు. "అననీయే, ఇంక అననీ" అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వెనక టైరు దగ్గర బురదలో దిగి భుజం ఆనించింది.